పాలిథీన్ కవర్లో దొరసాని

నేను ఒక తోలు హ్యాండ్‌బ్యాగును. అందులోనూ నిలబడే రకాన్ని. లోపల ఏమీ లేకపోయినా నా పొట్ట లోపలికి పోదు, మూత వాలదు, భుజాలు జారవు. ఇప్పుడు ఒంటినిండా తెల్లమచ్చలతో, ఒక పిడి తోలు ఊడి, విశాఖపట్నంలో ఒక మూడో అంతస్తు బాల్కనీలో పాత బకెట్టు పక్కన ఉన్నాను. అయినా నిలబడే ఉన్నాను. నాకు చేతనైంది అదొక్కటే.

పుట్టింది ఇటలీలో, ఒక రేవు ఊళ్ళో. దూడతోలును చెక్క అచ్చు మీద బిగలాగి, లోపల గట్టి అట్ట పెట్టి, అంచులకు రంగు పూసి, ఆరాక నునుపు చేసి, మళ్ళీ పూసి, అలా నన్ను తీర్చిదిద్దారు. అదే బల్ల మీద నా పక్కనే ఇంకొకత్తె తయారైంది. దానికి అచ్చూ లేదు, అట్టా లేదు. తోలును పిసికి పిసికి మెత్తబరిచి నాలుగు కుట్లు వేశారంతే. ఎక్కడ పెడితే అక్కడ, భోజనం చేసి నడుం వాల్చినట్టు కూలబడేది. ఇద్దరినీ ఒకే అద్దాల అరలో పెట్టినప్పుడు నాకు ఒళ్ళు మండింది.

మమ్మల్ని కొన్నది ప్రభాకరం. ఓడలో ఇంజనీరు. గోళ్ళసందుల్లో నూనె నలుపు ఎంత తోమినా పోని మనిషి. దుకాణంలో ఉన్నావిడ ఓపిగ్గా వివరించింది. నిలబడేది పదిమందిలోకి వెళ్ళడానికట. లోపల ఏముందో బయటికి తెలియనివ్వదట. ఒరిగేది రోజూ వాడుకోవడానికట. ఎంత కుక్కినా ఇముడ్చుకుంటుంది, వాడేకొద్దీ మనిషి ఒంటికి అలవాటు పడుతుంది. "మీ ఆవిడ ఏ రకం?" అని అడిగింది. ప్రభాకరం చాలాసేపు ఆలోచించాడు. ఏడాదిలో ముప్పాతిక భాగం నీళ్ళ మీద గడిపే మొగుడికి అదెలా తేలుతుంది? చివరికి రెండూ కొనేశాడు. తోలుకు గాలి ఆడాలి, ఎప్పుడూ గుడ్డసంచిలోనే ఉంచాలి అని ఆవిడ చెప్పినదానికి కూడా బుద్ధిగా తలూపాడు. ఆ మాట సముద్రం మధ్యలో ఎక్కడో జారిపోయింది.

విశాఖలో ఇంటికి చేరాక ఆయన భార్య సువర్చల నన్ను రెండు చేతులతో పైకెత్తి చూసింది.

"ఏటండీ ఇది, ఇంత దర్జాగా ఉంది! దీన్ని పట్టుకుని నేనెక్కడికెళ్తాను, రైతుబజారుకా?"

"మా ఓడెక్కుదువుగాని. కంపెనీవాళ్ళు పెళ్ళాల్ని తీసుకెళ్ళనిస్తారు. మెట్లెక్కేటప్పుడు ఇది నీ చేతిలో ఉండాల. నిన్ను చూసి మా కెప్టెన్ లేచి నిలబడిపోవాల!"

సువర్చల మొహం వెలిగిపోయింది. ఆవిడ సముద్రం చూస్తూనే పెరిగింది. రేవులోకి రావడానికి వరసలో ఆగిన ఓడలను డాబా మీంచి రోజూ చూసేది. ఒక్కదాని మీదా కాలు పెట్టలేదు. ఆ రోజునుంచి ఓడెక్కడం ఆవిడ కోరిక, ఆవిడ చేతిలో ఉండి ఎక్కడం నా కోరిక.

కానీ కొత్తది కొత్తగానే ఉండాలన్నది ఆ ఇంటి మతం. టీవీ రిమోటుకు కవరు తీయరు. కుర్చీల మీద ప్లాస్టిక్కు కూర్చున్నప్పుడల్లా చప్పుడు చేస్తుంది. గుడ్డసంచిలో దుమ్ము దూరుతుందని సువర్చల నన్ను అందులోంచి తీసి, మందపాటి పాలిథీన్ కవర్లో పెట్టి, నాలుగు కలరా ఉండలు వేసి, గట్టిగా ముడేసి బీరువాలో దాచింది. ఒరిగేదాన్ని మర్నాడే భుజానికి తగిలించుకుని బజారుకు వెళ్ళింది. నేను నవ్వుకున్నాను. కరివేపాకు మోసే బతుకు దానిది, నేను దొరసానిని.

ప్రభాకరం సెలవుకు వచ్చినప్పుడల్లా ఓడ మాట వచ్చేది. ఒకసారి అత్తగారు తుంటి విరిగి మంచాన పడ్డారు. "అత్తయ్యని వొదిలీసి ఎలా వస్తానండీ? వచ్చేసారి చూద్దాం" అంది సువర్చల. ఇంకోసారి చెల్లెలు రత్నమాల పురుడు. తర్వాత మళ్ళీ అత్తగారే. వచ్చేసారి అన్నది ఎంత పెద్ద కాలమో మనుషులకు తెలియదు. చేతిలో ఉన్నట్టే మాట్లాడతారు.

సువర్చల అప్పుడప్పుడు బీరువా తీసి, కవరు మీంచే నన్ను నిమిరేది. "నీకింకా టైం రాలేదే" అనేది. కవరు లోపల ఊపిరాడక నేను చెమర్చి ఉన్నానని ఆవిడకు తెలియలేదు. సముద్రపు తేమ ముడి సందుల్లోంచి వచ్చేది, తిరిగి పోయేది కాదు. మొదట మూత కింద తెల్లటి పొడిలా బూజు మొదలైంది. తర్వాత అంచుల రంగు పగిలింది. ఆవిడ నన్ను ప్రేమగా చూసుకుంటూనే చంపుతోంది. అరిచి చెప్పడానికి నాకు నోరేదీ?

బీరువా తలుపు తెరిచినప్పుడు, ఎదురుగా మేకుకు వేలాడుతూ ఆ ఒరిగేది కనిపించేది. అడుగు సాగిపోయింది. పట్టీ చెమటకు నల్లబడింది. మందుల చీటీలు, గొడుగు, ఎండు నిమ్మకాయ, దువ్వెన అన్నీ దాని పొట్టలోనే. దాన్ని చూసి నవ్వడం ఎప్పుడు మానేశానో గుర్తులేదు. తర్వాత తర్వాత అసూయ పడ్డాను.

అత్తగారు పోయిన మరుసటి ఏడు ప్రభాకరం ఫోన్ చేశాడు. ఉద్యోగంలో అదే ఆయన ఆఖరి ప్రయాణం. ఓడ విశాఖ రేవుకే వస్తుంది, ఇక్కడే ఎక్కవచ్చు, అనుమతి కూడా వచ్చింది. సువర్చల నా రంగుకు నప్పేలా ముదురు ఎరుపు పట్టుచీర కొంది. దాన్ని నా కవరు మీదే పెట్టింది. ఆ బరువు నాకు ఎంత హాయిగా అనిపించిందో!

తర్వాత ఆవిడ కాళ్ళు వాచాయి. కిడ్నీలన్నారు. ఆసుపత్రికి ఆ ఒరిగేదే వెంట వెళ్ళింది. వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఆ తర్వాత ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది.

ఒక ఉదయం బీరువా తెరుచుకుంది. రత్నమాల. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నా మీదున్న ఎర్రచీర తీసింది.

"ఇదే కట్టమంది" అని వెనకున్న ఎవరితోనో చెప్పి, కొంగు నోట్లో కుక్కుకుంది.

నాకు అర్థమైంది. చీర వెళ్ళిపోయింది. నేను ఉండిపోయాను.

ప్రభాకరం వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. కబురందిన చోట దిగిపోవడానికి ఓడ బస్సు కాదు కదా. రేవులో దిగి ఇంటికొచ్చి, మేకుకున్న ఒరిగేదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. లోపలివి ఒక్కొక్కటే తీశాడు. మాత్రలు, ఆసుపత్రి తువ్వాలు, వెంట్రుకలు చిక్కుకున్న దువ్వెన. మళ్ళీ అన్నీ అలాగే సర్దాడు. దాని పట్టీ ఆవిడ భుజం ఎలా వాలి ఉండేదో అలాగే వంగి ఉంది. ఆయన దాన్ని మొహానికి ఆనించుకుని ఏడ్చాడు.

తర్వాత నన్ను తీశాడు. ముడి విడక కత్తెరతో కత్తిరించాడు. పిడి పట్టుకోగానే తోలు పొరగా ఊడి ఆయన వేళ్ళకు అంటుకుంది.

"అదెవరిది బావగారూ?" అంది రత్నమాల. "అక్క చేతిలో ఎప్పుడూ చూళ్ళేదే."

"మీ అక్కదేనమ్మా. కొత్తది." నా మూత తీసి లోపల చెయ్యి పెట్టాడు. దుకాణంవాళ్ళు కుక్కిన ఉండ కాగితాలు తప్ప ఏమీ లేవు. ఆవిడ వాసన కూడా లేదు. కలరా ఉండల వాసన. "ఎండకి పెడితే బాగుపడుతుందేమో" అని నన్ను తెచ్చి ఈ బాల్కనీలో పెట్టాడు. అది ఆయన నాకు చెప్పిన మొదటి అబద్ధం.

ఇవాళ పొద్దున్న, ఆ ఆఖరి ప్రయాణం పూర్తి చెయ్యడానికి, రేవులో ఆగి ఉన్న ఓడకు బయల్దేరాడు. చేతిలో పెట్టె, భుజాన ఆ ఒరిగేది.

"అదెందుకు బావగారూ? ఆడోళ్ళ బ్యాగు, అందరూ నవ్వుతారు" అంది రత్నమాల.

"నవ్వనీ. మీ అక్కని ఓడెక్కిస్తానన్నాను."

ఇక్కణ్ణించి రేవు కనిపిస్తుంది. మధ్యాహ్నం కూత వినిపించింది. ఓడ మెల్లగా కదిలింది. మెట్లెక్కుతుంటే ఆ మెత్తటిది ఆయన భుజాన ఎలా ఊగి ఉంటుందో తలుచుకున్నాను. కుళ్ళుకోవాలనిపించలేదు. ఏడుపొచ్చింది.

కెప్టెన్ లేచి నిలబడ్డాడో లేదో నాకు తెలియదు. నేను మాత్రం నిలబడ్డాను.