బక్కయ్య చేసిన డబ్బా

మార్చి పన్నెండున బక్కయ్య తిన్నది జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. అది గుర్తుండిపోయింది. ఆ మధ్యాహ్నమే విత్తనాల గోదాం గేటు దగ్గర కాపలా కాస్తుండగా, ప్యాంటు జేబులో తాళంచెవులు తగిలి, వాకీటాకీ స్పేర్ బ్యాటరీ నిప్పులా కాలింది. తొడమీది బొబ్బ పదిరోజుల్లో ఎండింది. సూపర్‌వైజర్ రత్నాకర్ అన్న మాట మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. "ఇంకోటి ఖరాబైతే మల్ల గేటుకు రాకు కాకా."

ఇవాళ పొద్దున్నే బక్కయ్య పొయ్యి ముందు కూర్చున్నాడు. జేబులో బ్యాటరీకి తాళంచెవులు తగలకుండా డబ్బా చెయ్యాలని, దాని పక్కన చీపురుపుల్లలు పెట్టి తుంచి, ఆ కొలతకు వేపచెక్కను అచ్చుగా చెక్కి చాలారోజులైంది. పోయినవారం చేసిన డబ్బాలో బ్యాటరీ దూరలేదు. లోపల అతికే సైకిల్ ట్యూబు మందాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఈసారి ఆ మందం వచ్చేలా చెక్కకు పాత చీరపేలిక రెండు చుట్లు చుట్టాడు. ప్లాస్టిక్ నీళ్ల పైపు ముక్కను మంటకు ఎడంగా తిప్పుతూ, మెత్తబడగానే చెక్కకు చుట్టి రెండు పీటల మధ్య అదిమాడు.

"రొట్టెలు కాల్చే పొయ్యిమీద పైపులు కాలుస్తున్నవ్. ఇల్లంత కంపు," అంది భార్య బాలనర్సమ్మ.

"కొలువుంటెనే గదనే రొట్టె."

ఆమె కిటికీ తెరిచి, అతని వేళ్లకు తడిగుడ్డ అందించింది.

ట్యూబు అతికించి, మూతకు కొక్కెం బిగించాడు. బ్యాటరీ బిగుతూ కాకుండా వదులూ కాకుండా దిగింది.

గోదాం దగ్గర, వెనక గేటు కాసే జియా డబ్బాను తిప్పి తిప్పి చూశాడు. "ఏం కాకా, బ్యాటరీకి షేర్వానీ కుట్టించినవా?"

"నీ లగ్గానికి గూడ గిదే గుడ్డ పెడ్త తియ్."

రోజంతా లారీలు వచ్చాయి, పోయాయి. బక్కయ్య మూడుసార్లు డబ్బా తెరిచి చూశాడు. బ్యాటరీ చల్లగానే ఉంది.

అయిదింటికి రత్నాకర్ లోపలికి పిలిచాడు. "కెమెరాలు పెట్టిన్రు కాకా. ఇగ రెండు గేట్లకు ఒక్కడు చాలంటున్నడు సేటు. జియా ఉంటడు. నువ్వు వాకీటాకీ సెట్టు అప్పజెప్పు."

"నేను మల్ల బ్యాటరీ ఖరాబ్ చెయ్యలే సార్."

"ఖరాబ్ చేసినవని కాదు కాకా."

ఆ మాట చెప్పడానికి రత్నాకర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఏడేళ్లలో అదే మొదటిసారి. బక్కయ్య సెట్టును, బ్యాటరీ ఉన్న డబ్బాను బల్ల మీద పెట్టాడు. డబ్బా కొక్కెం తీయబోతుంటే రత్నాకర్ ఆపాడు.

"దాంతోనే ఉండనీ. బ్యాటరీకి మంచిగుంటది."

బయట జియా బైకు తిప్పి నిలబెట్టాడు. "ఎక్కు కాకా, ఇంటికాడ దించుత."

"నడుస్త తియ్ బిడ్డా. నువ్వు గేటు ఇడిసి రావొద్దు."

పొద్దుగూకాక ఆఫీసు రాతపని చూసే వర్షిత బ్యాటరీని తీసి చార్జర్‌కు పెట్టింది. కెమెరా రిమోటును ఖాళీ డబ్బాలో దించి చూసింది, సరిగ్గా పట్టింది. కొక్కెం వేసి డబ్బాను బల్ల అంచు నుంచి లోపలికి జరిపింది. లైటు ఆర్పి, తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.