దుబాయి ఇసుక

పొద్దున లేవగానే వనిత ముందు గడప మీది ఇసుక ఊడుస్తుంది. ఆ తర్వాతే వాకిలి ఊడ్చి పేడనీళ్ళ సాంపి చల్లడం, పొయ్యి వెలిగించడం, బీడీల చాట ఒళ్ళో పెట్టుకోవడం. రాయికల్‌లో గల్ఫ్‌కు మనిషిని పంపిన ప్రతి ఇంట్లో ఇదే వరస. మనిషి అక్కడ ఏ నేల మీద నడిచాడో, ఆ నేల ఇసుక తెల్లారేసరికి ఇక్కడి గడప మీద గుప్పెడంత పడి ఉంటుంది. మస్కట్‌దైనా కువైట్‌దైనా అందరూ దాన్ని దుబాయి ఇసుకే అంటారు. పిండిలా మెత్తగా, అప్పుడే ఎండలోంచి ఎత్తినట్టు వెచ్చగా ఉంటుంది. ఇంత నున్నటి ఇసుకకు సిమెంటు పట్టదని మేస్త్రీలు ముట్టుకోరు. ఆడవాళ్ళు తట్టలోకెత్తి వీధి చివర పోస్తారు. ఆ కుప్ప మీద కోళ్ళు పొర్లుతుంటాయి.

వనిత మాత్రం ఊడ్చేముందు ఒకసారి అరచెయ్యి ఆనించి చూస్తుంది. భర్త మహిపాల్ ఫోనులో "మంచిగనే ఉన్న" అని తప్ప ఇంకో ముక్క చెప్పడు. అతన్ని ఎండ ఎంత నలిపిందో ఆమె అరచేతికే తెలియాలి.

"ఎట్లుంది?" అని అత్త అంజవ్వ మంచంలోంచే అడుగుతుంది.

"కాలుతుంది అత్తా."

కాలుతోందంటే కొడుకు పనిలో ఉన్నట్టు. అంజవ్వ ఆ తర్వాతే లేచి మొహం కడుక్కుంటుంది.

ఆ ఎండాకాలం పెద్ద దేశాలకు ఒకదాని మీద ఒకదానికి కోపం వచ్చింది. కోపం ఎవరిదైతేనేం, బాంబులు అమ్ముకున్నది ఎవరైతేనేం, అవి వచ్చి పడింది మహిపాల్ పనిచేసే రేవులోని నూనె ట్యాంకుల మీద. టీవీలో కోట్లు తొడుక్కున్న పెద్దమనుషులు పీపా ధర ఎంత పెరిగిందో చెప్పి దిగులుపడ్డారు. షేర్లు పడిపోయాయని చెబుతూ ఒకాయన గొంతు వణికింది. ఆ ట్యాంకుల పక్కన గొట్టాలు బిగించే మహిపాల్ లాంటివాళ్ళ ఊసు ఎవరూ ఎత్తలేదు. వాళ్ళకు ఏ బజారులోనూ ధర లేదు కాబోలు.

మర్నాడు గడప మీద ఇసుక నల్లగా, జిడ్డుగా పడింది. ఎంత కడిగినా వనిత చేతుల జిడ్డు వదల్లేదు. ఆ మర్నాటి నుంచి ఇసుకే పడలేదు. మహిపాల్ ఫోను మోగడం కూడా మానేసింది.

పక్కింటి మొగిలవ్వ వచ్చి గడప తడిమి చూసి, బోసినోటితో నవ్వింది.

"ఏడుస్తవేంది పిల్లా? కువైట్ లొల్లప్పుడు మా ఆయన ఇసుక గిట్లనే ఆగింది. కాలు నేల మీద లేకుంటె ఇసుకెట్ల పడ్తది? ఇమానంల ఉన్నడు నీ మొగడు. అస్తుండు."

ఆ మాటతో ఇల్లు లేచి కూర్చుంది. అంజవ్వ కోడిని కోయించింది. సిరిసిల్లలో ఉండే చిన్న కొడుకు జితేందర్‌ను పిలిపించింది. జగిత్యాల బస్సు చప్పుడైనప్పుడల్లా వనిత చాట పక్కన పెట్టి రోడ్డు మీదికి వెళ్ళేది. బస్సులు వచ్చాయి, పోయాయి. కూర పాడైంది. ఆ దేశాలకు విమానాలే బందయ్యాయని టీవీ చెబుతున్నా ఇంట్లో ఎవరూ వినిపించుకోలేదు. ఇన్నాళ్ళు ఏ విమానమూ గాలిలో తిరగదని వనితకు తెలుసు. పైకి అంటే నిజమైపోతుందని భయపడి, బస్సు చప్పుడుకు రోడ్డు మీదికి వెళ్తూనే ఉంది.

కొన్నాళ్ళకు యుద్ధం ఆగిందన్నారు. విమానాలు మొదలయ్యాయి. అప్పుడొచ్చాడు మహిపాల్‌ను పంపిన కోరుట్ల ఏజెంటు నర్సింగం.

"కంపెనీకి ఫోన్ చేసిన చెల్లె. మహిపాల్ ఖల్లివెల్లి అయిండట."

ఖల్లివెల్లి అంటే కంపెనీ వదిలి పారిపోయినవాడు. అలాంటివాడు బతికినా చచ్చినా కంపెనీకి పట్టదు.

"పాస్‌పోర్ట్ వాళ్ళ బీరువలనే ఉండె. అది లేకుండ యాడికి ఉరుకుతడన్నా?"

"నాకేమెరుక? వాళ్ళు చెప్పిందే నీకు చెప్తున్న." చాయ్ గ్లాసు కింద పెట్టి నర్సింగం జితేందర్ వైపు తిరిగాడు. "ఆ జాగ ఖాళీగుంది తమ్మీ. జీతం గూడ పెంచిండ్రు. పోతవా?"

పోతానన్నాడు జితేందర్. పోక ఏం చేస్తాడు? సిరిసిల్లలో అతను నడిపే మరమగ్గాలు అప్పటికే ఆగిపోయాయి. పాలిస్టర్ నూలు నూనెలోంచే తీస్తారట. అక్కడ ట్యాంకులు కాలితే ఇక్కడ నూలు ధర మండింది, సేటు మగ్గాలు బందుపెట్టాడు. తమ్ముడి పని మింగిన మంటే ఇప్పుడు తమ్ముణ్ణి కూడా తన దగ్గరికి రమ్మంటోంది. లోకాన్ని నడిపేవాళ్ళ తెలివికి దండం పెట్టాల్సిందే.

"మీ అన్న సంగతి తెల్వకుండ నువ్వు పోకు జితేందర్" అంది వనిత.

"పోతెనే గద వదినె తెలిసేది. ఈడ కూసుంటె ఎవడు చెప్తడు? పని చేస్త, అన్నను దేవులాడుత."

అంజవ్వ గోడ వైపు తిరిగి పడుకుంది. ఒక కొడుకును వెతకడానికి ఇంకో కొడుకును పంపాలా వద్దా అంటే ఏ తల్లి మాత్రం ఏం చెబుతుంది?

వీసా వచ్చింది. వెళ్ళే రోజు పొద్దున నర్సింగం కారు తెచ్చి వాకిట్లో హారన్ కొడుతున్నాడు. జితేందర్ తల్లి కాళ్ళు మొక్కి, బ్యాగు భుజానికేసుకుని, బయట ఉన్న చెప్పుల కోసం వట్టి కాలితో గడప మీద అడుగు వేశాడు. వేసినవాడు అక్కడే నిలబడిపోయాడు.

"వదినె... ఇసుక."

కాసేపటి కిందటే వనిత ఆ గడప కడిగి పసుపు రాసింది. ఇప్పుడు మరిది పాదం కింద ఇసుక ఉంది. ఆమె పరుగున వచ్చి కూర్చుని అరచెయ్యి ఆనించింది. చల్లగా ఉంది. బయట ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, ఇసుక మాత్రం ఐసుగడ్డలా వేళ్ళు కొరికింది. అయినా వనిత చెయ్యి తియ్యలేదు. తీస్తే అతన్ని వదిలేసినట్టే అనిపించింది.

అంజవ్వ వచ్చి తాకి చూసింది. ఏడవలేదు. చిన్న కొడుకు కాలు రెండు చేతులా పట్టుకుంది.

"మీ అన్న ఆపుతుండురా. అడుగు బయట పెట్టకు."

జితేందర్ బ్యాగు దించాడు.

వనిత గుప్పెడు ఇసుక ఎత్తుకుని కారు దగ్గరికి వెళ్ళి నర్సింగం చేతిలో పోసింది. నర్సింగం ఉలిక్కిపడ్డాడు గానీ పారబొయ్యలేదు. అతనూ ఈ వైపు మనిషే. గల్ఫ్‌కు పోయిన తండ్రి ఇసుకను తల్లి ఊడ్చిన ఇంట్లోనే పెరిగాడు.

"ఖల్లివెల్లి అయినోని ఇసుక గింత సల్లగుంటదా అన్నా? పేర్లు లేని శవాలను ఐసుల పెట్టిన కాడ జూడుమను. అన్ని తెరిచి జూడుమను."

నర్సింగం అక్కడే కంపెనీకి ఫోను కలిపి, వచ్చీరాని హిందీలో చాలాసేపు బతిమాలాడు. ఇసుక రుజువు కిందికి రాదన్నారు అవతలివాళ్ళు. పేరు లేని శవాలను ఒక్కసారి చూడండి సార్ అని మళ్ళీ వేడుకున్నాడు. సాయంత్రానికి చూశారు. మహిపాల్ వాటిలోనే ఉన్నాడు. తన మనిషి పారిపోలేదని తెలిసి వనితకు ఒక్క క్షణం ఊరట కలిగింది. అలా కలిగినందుకు తన మీద తనకే రోత పుట్టింది. అప్పుడు ఏడ్చింది.

కంపెనీకి మాత్రం మనిషి కావాలి. ఏ మనిషైనా సరే. శవం పెట్టె ఎప్పుడు వస్తుందో చెప్పడానికి వచ్చిన నర్సింగం, ఆ జాగలోకి వీర్నపల్లి పిల్లగాడు రాజ్‌కుమార్ పోతున్నాడని నసుగుతూ చెప్పాడు.

"మా ఆయన సంగతి చెప్పినవా అన్నా ఆ పిల్లగానికి?" అంది వనిత.

"చెప్పిన చెల్లె. యుద్ధం అయిపోయింది గద అన్నడు."

వనిత మాత్రం ఎంతమంది కాళ్ళు పట్టుకుని ఆపగలదు?

మహిపాల్ పెట్టె రాయికల్ చేరిన రోజునే వీర్నపల్లిలో ఒక గడప మీద మొదటిసారి ఇసుక పడింది. వెచ్చగా ఉంది. రాజ్‌కుమార్ తల్లి వెంకటవ్వ దాన్ని కళ్ళకద్దుకుని, కొడుకు క్షేమంగా చేరాడని వాడకట్టంతా తిరిగి చెప్పుకుంది.