గట్టు దగ్గర ఆగే బండి

మా మామయ్య ముప్ఫై రెండేళ్ళు బస్సు నడిపాడు. రిటైరయ్యాక ఊరి చివర, రెండెకరాల గడ్డినేల మధ్య ఉన్న ఈ ఇల్లు కొనుక్కుని, ఎక్కి కూర్చుని గడ్డి కోసే బండి ఒకటి తెచ్చుకున్నాడు. దానికి స్టీరింగు ఉంది, గేర్లున్నాయి, ముందు రెండు లైట్లున్నాయి. హారన్ ఒక్కటే లేదు. ఆ లోటు ఆయన నోటితో తీరుస్తాడని అత్తయ్య అంటుంది.

నేను వాళ్ళింట్లోనే ఉంటూ పక్క ఊళ్ళో చిన్నపిల్లల బడిలో పని చేస్తున్నాను. ఇది మా బడికి సెలవులప్పటి సంగతి.

ఈ ఏడాది మొదట్లో మామయ్యకు కడుపు ఆపరేషన్ అయింది. నలభై రోజులు మంచం దిగలేదు. దిగేసరికి కారు తాళంచెవి అత్తయ్య బీరువాలోకి వెళ్ళిపోయింది. ఇప్పట్లో కారు నడపొద్దని డాక్టరు చెప్పాడు. ఎప్పటిదాకా అని మామయ్య అడిగితే, డాక్టరు బల్ల మీద కాగితాలు సర్దుకున్నాడట. గడ్డి బండి సంగతి డాక్టర్ని ఎవరూ అడగలేదు. ఎవరూ అడక్కుండా మామయ్యే జాగ్రత్తపడ్డాడు. ఆయన చేతికి మిగిలిన స్టీరింగు అదొక్కటే.

సరిగ్గా అప్పుడే ఆ బండి మొండికేసింది. తాళం తిప్పగానే స్టార్టవుతుంది, చదునుగా ఉన్నచోట చక్కగా పోతుంది. ఇంటి వెనక, నీళ్ళ పైపు పాతిన చోట నేల గట్టులా లేచి ఉంటుంది. అక్కడికి రాగానే ఇంజన్ టక్కున ఆగిపోతుంది. మళ్ళీ స్టార్టు చేస్తే వెంటనే అందుకుంటుంది. పది గజాలు పోయాక ఇంకో ఎగుడుదిగుడు వస్తే మళ్ళీ అంతే.

గడ్డి మోకాళ్ళ దాకా వచ్చింది. అత్తయ్య పది రోజులు ఓర్చుకుని, ఆ తర్వాత గడువు పెట్టింది. ఆదివారానికి బండి బాగుపడకపోతే వాళ్ళ తమ్ముడు ట్రాలీ తెచ్చి పట్టుకుపోతాడు, గడ్డి కోయడానికి మనుషులొస్తారు. మామయ్య దేనికైనా నవ్వుతాడు. ఈ మాటకు నవ్వలేదు.

సోమవారం నుంచి ఇద్దరం పనిలోకి దిగాం. ఇద్దరం అంటే ఆయన పని చేస్తాడు, నేను స్పానర్లు అందిస్తాను. మొదట ఎయిర్ ఫిల్టర్ విప్పి, అత్తయ్య గిన్నెలు తోమే టబ్బులో ఉతికాడు. ట్యాంకులో నెలల తరబడి నిలవున్న పెట్రోలు తీసేసి కొత్తది పోశాడు. ట్యాంకు మూతకున్న సన్నటి రంధ్రం మూసుకుపోతే లోపలికి గాలి అందక ఇంజన్ ఆగిపోతుందని చెప్పి, అత్తయ్య కుట్టు పెట్టెలోంచి సూది తెచ్చి పొడిచాడు. ప్లగ్గు మీది మసి గీకాడు. బ్యాటరీ కొనల మీద పట్టిన తెల్లటి పొడిని పాత టూత్ బ్రష్షుతో రుద్దాడు. అది పాతదేనా కాదా అన్న దాని మీద భార్యాభర్తల మధ్య కాసేపు చర్చ జరిగింది.

గురువారం బండి ముందు భాగాన్ని రెండు చెక్క దిమ్మల మీదికెత్తి, బ్లేడ్ల చుట్టూ ఎండి అట్టకట్టిన గడ్డిని గీకి తీశాం. కింద చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు వైరు పీకి పక్కన పెట్టాలని నాకు మూడుసార్లు చెప్పాడు. బ్లేడుకు బంధుత్వం తెలియదన్నాడు.

రోజూ సాయంత్రం బండి బయటికి తీసేవాడు. రోజూ గట్టు దగ్గర ఆగిపోయేది. వంటింటి కిటికీలోంచి అత్తయ్య గొంతు వినపడేది. "స్టేజీ వచ్చినట్టుందే. దిగేవాళ్ళెవరైనా ఉన్నారా?"

మామయ్య వెనక్కి తిరిగి చూడకుండా మళ్ళీ తాళం తిప్పేవాడు.

శుక్రవారం ఆయనకు కొత్త ఆలోచన వచ్చింది. నడిపేవాడికి వినపడనిది పక్కన నడిచేవాడికి వినపడుతుందట. అందుకని బ్లేడ్లు ఆపేసి, అత్తయ్యను బతిమాలి సీటు మీద కూర్చోబెట్టాడు. ఇటు ఆయన, అటు నేను. అత్తయ్య స్టీరింగును వేడి గిన్నెను పట్టుకున్నట్టు పట్టుకుంది. బండి గట్టు ఎక్కింది, దిగింది, ఆగలేదు. ఇంకోసారి తిప్పించాడు. ఆగలేదు. మూడోసారి ఆయన చెప్పకుండానే అత్తయ్య కంచె దాకా పోయి తిరిగొచ్చింది.

ఇంజన్ వేడెక్కడం వల్ల సర్దుకుందని చెప్పి మామయ్య ఎక్కాడు. గట్టు మీద టక్కుమని ఆగింది.

"ముప్ఫై రెండేళ్ళ సర్వీసు మీది. ముప్ఫై నిమిషాల సర్వీసు నాది," అంది అత్తయ్య. "పాపం, దానికి సీనియారిటీ తెలిసినట్టు లేదు."

బెల్టు ఎలా తిరుగుతోందో చూడమని ఆయన చెబితే, గట్టు పక్కన గొంతుక్కూర్చుని చూస్తున్నాను. బండి ఎగిరినప్పుడు సీటుకూ దాని కింది రేకుకూ మధ్య వెలుతురు కనపడింది. అత్తయ్య కూర్చున్నప్పుడు కనపడలేదు.

సీటు కింద ఒక స్విచ్ ఉంటుంది. డ్రైవరు జారి పడిపోతే సీటు పైకి లేస్తుంది, ఇంజన్ ఆగిపోతుంది. బుధవారమే మామయ్య దాన్ని చేత్తో నొక్కి చూసి, బాగుందని మూసేశాడు. నిజంగానే అది బాగుంది. సీటే ఆయన్ని పైకి లేపుతోంది. ఎందుకో కూడా నాకు తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట ఆయన తొంభై కిలోలుండేవాడు, సీటు అడుక్కంటా కుంగిపోయేది. తుక్కు కింద తీసేసిన బస్సు సీటులోంచి రెండు లావుపాటి స్ప్రింగులు పీక్కొచ్చి ఇందులో బిగించాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ ఆ పనితనం గురించి చెప్పేవాడు.

ఇప్పుడు మా ఇంట్లో బరువు మాట ఎవరూ ఎత్తరు. ఆయన ప్యాంట్ల నడుములు అత్తయ్య ఒక్కొక్కటే చడీచప్పుడూ లేకుండా బిగించి కుట్టింది. అవి బిగించినట్టు తనకు తెలియదన్నట్టే ఆయన తొడుక్కుంటున్నాడు. చూడ్డానికొచ్చినవాళ్ళు బాగా కోలుకున్నారంటారు, మేం తలూపుతాం. ఇన్నాళ్ళూ తలూపినదాన్ని, ఆ సాయంత్రం నోరు తెరవలేకపోయాను.

శనివారం మెకానిక్ వచ్చాడు. మంచి కండపుష్టి ఉన్న మనిషి. అతనెక్కితే బండి గట్టును లెక్కచేయలేదు. దిగి, సీటెత్తి, ఈ స్విచ్‌తోనే గొడవంతా అని తేల్చి, రెండు వైర్లూ తెంపి కలిపేస్తే ఇక జన్మలో ఆగదన్నాడు. కటింగ్ ప్లయర్ కూడా తీశాడు.

మామయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు బాబూ. నేను కింద పడితే ఇది నా మీద నుంచే పోతుంది. తలుపు తెరిచి ఉండగా నేనెప్పుడూ బస్సు కదపలేదు."

అలాగైతే మీ ఇష్టమని మెకానిక్ వెళ్ళిపోయాడు. మామయ్య వరండా మెట్ల మీద కూర్చుని, చేతికంటిన గ్రీజును గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. చెయ్యి ఎప్పుడో శుభ్రమైపోయింది. తెల్లారితే ఆదివారం. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"మామయ్యా, స్విచ్ బాగానే ఉంది. స్ప్రింగులే బస్సువి."

"బస్సు డ్రైవరు కోసం వేసినవే కదే."

"అప్పటి డ్రైవరు కోసం."

ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. తర్వాత లోపలికి తిరిగి, బరువు చూసే మిషన్ ఎక్కడ దాచావని అత్తయ్యను అడిగాడు. తనేమీ దాచలేదని అత్తయ్య అంది. అంటూనే వెళ్ళి, మంచం కింద దుప్పట్ల మూట వెనక నుంచి తీసుకొచ్చింది. ఆయన ఎక్కి నిలబడ్డాడు. అరవై ఒకటి.

ముగ్గురం ఆ అంకెనే చూశాం.

"ఇరవై తొమ్మిది కిలోలు తగ్గాను," అన్నాడు మామయ్య. "అంటే దిగిపోయింది అర టిక్కెట్టేలే."

అత్తయ్య మిషన్ తీసి గోడ వారగా, అందరికీ కనపడేచోట పెట్టింది.

బండితో వచ్చిన స్ప్రింగులు మామయ్య ఎక్కడా పారేయలేదు. మేకుల డబ్బా అడుగున దొరికాయి. తుప్పు గీకి, నూనె రాసి, చీకటి పడేలోపు బిగించేశాం.

ఆదివారం పదింటికి అత్తయ్య తమ్ముడు ట్రాలీతో సహా దిగాడు. భుజాన తాడుతో గేటు దగ్గరే నిలబడ్డాడు. మామయ్య అతన్ని పలకరించి, బండెక్కి, బ్లేడ్లు వేశాడు. గట్టు వచ్చింది. బండి ఎక్కింది, దిగింది, ముందుకు పోయింది. కోసిన గడ్డి వెనక పడుతూనే ఉంది. ఒక వరస, రెండు, నాలుగు. అత్తయ్య వంటింటి కిటికీ వదిలి మెట్ల మీదికి వచ్చింది.

అయిదో వరస మధ్యలో, చదునుగా ఉన్నచోట ఇంజన్ ఆగింది.

తమ్ముడు తాడు విప్పుకుంటూ లోపలికి రాబోయాడు. అత్తయ్య అతన్ని చూపుతోనే ఆపి, తను గబగబా నడిచింది. వెనకే నేను. దగ్గరికి వెళ్ళి చూస్తే బ్లేడ్లు ఆపేసి ఉన్నాయి, బ్రేకు వేసి ఉంది, తాళంచెవి మామయ్య చేతిలో ఉంది. ఆగింది బండి కాదు, ఆపింది ఆయనే.

"అలిసిపోయాను," అన్నాడు.

ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆయన నోట ఆ మాట రాలేదు. మెల్లగా దిగి, సీటు పట్టుకుని నిలబడి, తాళంచెవి అత్తయ్యకు చాపాడు. "మిగతా ట్రిప్పు నీది. పొద్దున నాలుగు వరసలు నేను, ఆ తర్వాత నువ్వు. కుదురుతుందా?"

కుదరదని అత్తయ్య ఒక్క మాటంటే బండి ట్రాలీ ఎక్కుతుంది. తమ్ముడు చూస్తున్నాడు, నేను చూస్తున్నాను. ఆవిడ మామయ్య నుదుటి మీది చెమట వైపు చూసింది, ఆయన కోసిన నాలుగు వరసల వైపు చూసింది.

"నాలుగు కాదు, మూడు," అంది. తాళంచెవి తీసుకుని ఎక్కి కూర్చుంది. సీటు కిర్రుమంటూ బాగా కిందికి దిగింది.

"ఆ స్ప్రింగులు కాస్త చూసుకో మరి," అన్నాడు మామయ్య.

ఆవిడ మేం పక్కకు జరిగేదాకా ఆగి, బ్లేడ్లు వేసింది. మామయ్య గోడ నీడన స్టూలు మీద కూర్చుని, స్టీరింగు కుడికి తిప్పమని, ఇప్పుడే కాదని, ఇప్పుడు తిప్పమని కేకలేస్తున్నాడు. మలుపు తిరిగి మా ముందు నుంచి పోతూ అత్తయ్య మొహం ఇటు తిప్పకుండానే అంది:

"డ్రైవరుతో మాట్లాడరాదు."