బూజు పట్టే చెయ్యి

నా రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఈ నాలుగు ముక్కలు రాయడానికే నెల పట్టింది.

గున్నమ్మ చెయ్యి పెడితే ఆవకాయ బూజు పడుతుందని రాజాం చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. ఒక ఏడాది రెండు జాడీలు పాడయ్యాయి, అంతే. పదేళ్ళుగా ఆమెను ఊరగాయ కలపడానికి ఒక్కరూ పిలవలేదు. చచ్చేలోగా ఆ పేరు పోవాలని ఆమె మొక్కని దేవత లేదు.

2016 వేసవిలో నరసింగరావు ఆమె కోసం స్వయంగా బండేసుకుని వచ్చాడు. నార తీశాక మిగిలే గోగుపుల్లల్ని ఉడికించి తీపిరసం తీసి, ఆ రసంలో బూజు పెంచి, రంగులకూ ప్లాస్టిక్కుకూ పనికొచ్చే ఆమ్లం చేసే కార్ఖానా ఆయనది. ఆ బూజు మామూలుది కాదు, పుట్టుకే మార్చి తయారుచేసినది. అంత చదువుకున్న బూజు గోగురసంలో వెయ్యగానే చచ్చిపోతోంది. అప్పటికి మూడు ట్యాంకులు పారబోశారు.

"నువ్వొచ్చి ట్యాంకు మీద ఓపాలి సెయ్యెట్టు గున్నమ్మా. బూజొచ్చిందా, పర్మనెంటు ఉజ్జోగం."

"రాకపోతే బాబూ?"

"నీ సెయ్యి మంచిదేనని ఊరూరా నేనే సెప్తాను."

ఏది కోరుకోవాలో దారి పొడుగునా ఆమెకు తేలలేదు.

కార్ఖానాలో సైంటిస్టు హేమ, పాతపట్నం పిల్ల, ఆమెకు టోపీ, కోటు, చేతులకు తొడుగులు వేసింది.

"తొడుగులేస్తే నా సెయ్యెలా పన్జేస్తాది తల్లీ?"

"వట్టి సెయ్యి తగిల్తే రాకూడని బూజు వస్తాదమ్మా!"

ఇంత చదివీ ఊళ్ళోవాళ్ళ మాటే అంటోందేమిటి అనుకుంది గున్నమ్మ. ఇనప ట్యాంకును పైనుంచి ముట్టుకుని కళ్ళు మూసుకుంది. బూజు రావాలని కాసేపు, రాకూడదని కాసేపు దండం పెట్టుకుంది.

నాలుగో రోజుకి ట్యాంకు నిండా దూదిపింజల్లా బూజు. నరసింగరావు లడ్లు పంచి, ఉద్యోగం ఖాయమన్నాడు. హేమకు ఒళ్ళు మండింది.

"ఈపాలి రసాన్ని బొగ్గుపొడితో వడగట్టాను. ఉడకబెట్టినప్పుడు పుట్టిన విషం పోయింది, అందుకే బూజు బతికింది. నీ సెయ్యిలో ఏటీ లేదు గున్నమ్మా."

పదేళ్ళుగా ఎవరైనా అంటారేమోనని ఎదురుచూసిన మాట.

"ఇంకోపాలి సెప్పు తల్లీ."

హేమ మళ్ళీ చెప్పింది. గున్నమ్మ కోటు అంచుతో కళ్ళు తుడుచుకుంది.

"సల్లగా సెప్పావు. అయ్యగారితో మాత్రం అనకు."

"మరి నీ పేరో?"

"పేరు రెండు పూట్లా కూడెడతాదేటి?"

హేమ బొగ్గుపొడి సంగతంతా కాగితం మీద రాసి పంపింది. నరసింగరావు చదవకుండానే సంతకం పెట్టాడు.

తర్వాతి ట్యాంకు నాడు అంతా సిద్ధమయ్యాక, స్విచ్చు దగ్గర హేమ చెయ్యి ఆగింది.

"గున్నమ్మా, ఇలా రా. ఓపాలి ముట్టుకో."

"నువ్వూ నమ్మేశావేటే?"

"నమ్మకమూ లేదు, ఏటీ లేదు. ఈపాలి బొగ్గు కొత్త బస్తాది."

— బి. మరిడమ్మ, వయసు అరవై ఒకటి, ప్రస్తుతం ఉండేది కొత్తవలస.