వంట చేస్తుండగా

"గిన్నెలు సింకులోనే ఉన్నాయి. నువ్వెళ్ళి ఊళ్ళోవాళ్ళ మచ్చలు లెక్కపెట్టు," అన్నాడు మా ఆయన, నేను చెప్పులేసుకుంటుంటే. చెప్పులు విప్పి, గిన్నెలు తోమి, అత్తయ్యకు మాత్రలిచ్చి, క్లినిక్‌కి ఆలస్యంగా చేరాను.

చర్మవ్యాధుల క్లినిక్‌లో నర్సుని. గాయం మానాక కూడా ఆగకుండా, దాని హద్దు దాటి గట్టిగా పెరిగే మచ్చని కెలాయిడ్ అంటారు. అది ఎవరికి, ఒంట్లో ఎక్కడ, దేనివల్ల వస్తోందో మూడేళ్ళ కార్డులు తిరగేసి పట్టిక వెయ్యమంది డాక్టరమ్మ. చెవులు కుట్టించుకున్నవాళ్ళు ఎక్కువ. ఆ తర్వాత ఛాతీ మీద మొటిమలు, భుజం మీద టీకా, కాన్పు ఆపరేషన్ కుట్లు. చివర కాలిన గాయాలు. వాటిలో ఆడవాళ్ళ కార్డులన్నిటా ఒకటే మాట, 'వంట చేస్తుండగా'. వీపు మీద కాలినామెకీ అదే. నూనె వీపు మీదికెలా చిందుతుంది? ఆ కార్డుల్లో సగం నా చేతిరాతే. అడిగిందీ నేనే, నమ్మినట్టు తలూపి రాసుకున్నదీ నేనే. ఎందుకంటే నా మెడ కింది ఎముక మీదా రెండు వేళ్ళ వెడల్పున ఒకటుంది.

మధ్యాహ్నం ఒక కుట్టుపనామె అత్తగారితో వచ్చింది. మచ్చ భుజం వెనక, ఎర్రగా ఉబ్బి ఉంది.

"ఎలా వచ్చిందమ్మా?"

"వంట చేస్తుంటే కాలింది. దీనికి ఒంటి మీద ధ్యాసుంటేగా!" అంది అత్తగారు. కోడలు నేలచూపులు చూస్తోంది.

"మీరు కాసేపు బయట కూర్చోండి పిన్నిగారూ."

"నేనుంటే ఏమొచ్చింది?"

"పరీక్ష చెయ్యాలి. ఆమె ఒక్కతే ఉండాలి." మా అత్తయ్యతో ఏనాడూ అలా మాట్లాడి ఎరగను.

ఆవిడ గొణుక్కుంటూ వెళ్ళాక తలుపేశాను.

"నిజంగా వంట చేస్తుంటేనేనా?"

ఆమె నా మెడకేసి చూసింది. "మీదెలా వచ్చింది సిస్టర్?"

నూనె చిందిందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎనిమిదేళ్ళుగా అమ్మకీ, డాక్టరమ్మకీ అదే చెప్పాను. చెప్పీ చెప్పీ ఒక్కోసారి నేనూ నమ్మాను.

"ఇస్త్రీపెట్టె," అన్నాను. "చొక్కా మడత చెడిందని మా ఆయన పెట్టాడు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "నాది అట్లకాడ. కాల్చి పెట్టాడు. ఆవిడ పక్కనే ఉంది."

తలుపు దబదబా బాదారు. "ఇంకెంతసేపు?" ఆమె ఉలిక్కిపడి కొంగు భుజం మీదికి లాక్కుంది.

"ఇంకా అవలేదు," అని లోపల్నుంచే అరిచాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. ఆమె అడిగితే వాళ్ళక్కకి ఫోన్ చేశాను. గంటలో అక్క వచ్చింది. అత్తగారు వరండా అదిరిపోయేలా కేకలేస్తున్నా వినిపించుకోకుండా, చెల్లెలి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోయింది.

డాక్టరమ్మ ఆ కార్డు రెండుసార్లు చదివింది. "అయితే మన పట్టికలో కాలిన గాయాల వరసంతా తప్పేనా?"

"తప్పే మేడమ్. కాలినవాళ్ళందర్నీ మళ్ళీ పిలుద్దాం. ఒక్కొక్కరినీ ఒంటరిగా కూర్చోబెట్టి అడుగుదాం." తలుపు గడియ పెట్టి వచ్చి, పేషెంట్ల కుర్చీలో కూర్చున్నాను. "ముందు నన్నడగండి."