ఇంద్రాణి తినని మేత

తొట్టె అడుగున అరచేయి పెట్టి రుద్దగానే కోదండరామయ్యకు సంగతి తెలిసిపోయింది. రాత్రి వేసిన దాణా వేసినట్టే ఉంది. పైన కలిపిన తెల్లటి కొవ్వు పొడి మంచుకు తడిసి, సబ్బు ముద్దలా వేళ్ళకు అంటుకుంది. వీపున గోనెపట్టా కప్పుకున్న ఇంద్రాణి, పేరుకు తగ్గ టెక్కుతో అటు తిరిగి నెమరేస్తూ నిలబడింది.

"తినవే తల్లీ. నా పరువు తియ్యమాక," అన్నాడు గేదెతో.

ఆ పరువు చిన్నదే కానీ ఆయనకున్నదంతా అదే. ఘాజియాబాద్ శివార్లలోని ఆ సర్కారు పశువుల ఫారంలో మేత వేసే పనికి కుదిరి, అక్కడే జుట్టు తెల్లబడింది. జీతం పెరిగింది గానీ హోదా పెరగలేదు. స్నేహితులు ఇంటికొచ్చినప్పుడు కొడుకు దీపు, "పాపా, పెహలే నహా లో నా," అని, ముందు స్నానం చేసి రమ్మంటూ తండ్రిని వెనక గుమ్మం వైపు పంపిస్తాడు. ఆయనా నవ్వుతూ వెళ్ళిపోతాడు. ఫారంలో మాత్రం, రామయ్య చేత్తో పెడితే ఏ గొడ్డయినా మూతి తిప్పుకోదని పెద్ద డాక్టర్లు కూడా అంటారు. ఆ ఒక్క మాట మీదే ఆయన ఇన్నేళ్ళూ తలెత్తుకు తిరిగాడు.

కొత్తగా వచ్చిన శాస్త్రవేత్త సుధీంద్రది ఒంగోలు. నూనెను సున్నంతో కలిపి గట్టిపరిచిన ఆ పొడిని కొన్ని గేదెలకు పెట్టి చూద్దామన్నది అతని పరిశోధన. మామూలు నూనె అయితే పొట్టలో గడ్డి అరగనివ్వదు. ఇది ఆ అరుగుదలను చెడగొట్టకుండా పొట్ట దాటిపోయి పాలలో వెన్న పెంచుతుందట.

"వాసన కొంచెం ఘాటు. తింటాయంటారా బాబాయ్ గారూ?" అని మొదటి రోజే అడిగాడు.

"నా చేత్తో పెడితే తినకేం జేస్తయ్యండీ!" అనేశాడు రామయ్య, పక్కనున్నవాళ్ళందరూ వినేలా.

మిగతావన్నీ తిన్నాయి. ఇంద్రాణి ముట్టలేదు. బెల్లం కలిపాడు, ముద్దలు చేసి నోటికందించాడు, బతిమాలాడు. చివరికి రోజూ తెల్లారకముందే తొట్టె గీకి పెంటకుప్పలో పారేసి, "తినేసిందండీ" అని చెప్పడం మొదలుపెట్టాడు. నిన్న సుధీంద్ర నొసలు చిట్లించాడు. అన్నిటి పాలలోనూ వెన్న పెరిగింది, దీనికే కదల్లేదు, ఇవాళ సాయంత్రం పాలు మళ్ళీ చూస్తానన్నాడు.

అందుకే ఇవాళ రామయ్య వెదురు గొట్టం తెచ్చాడు. చలికాలంలో ఇక్కడివాళ్ళు గేదెలకు ఆవనూనె తాగించేది దానితోనే. నూనె వెచ్చచేసి పొడి కలిపాడు. ఇంద్రాణి తలను పైకెత్తి కమ్మీకి కట్టాడు. నాలుక పక్కకు లాగిపట్టి గొట్టం పెట్టాడు. మొదటి గుక్క దిగింది. రెండోదానికి గేదె దగ్గింది. దగ్గగానే తల దించేయాలి, లేకపోతే పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుందని గొడ్లు కాసేవాడెవడికైనా తెలుసు. రామయ్యకూ తెలుసు. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర సుధీంద్ర స్కూటర్ చప్పుడైంది. ఆయన దించలేదు. మిగిలినదంతా గబగబా ఒంపేసి, తల కట్టు విప్పి, గొట్టాన్ని గడ్డి కింద దాచి, ముట్టె తుడిచి, చీపురు పట్టుకున్నాడు.

"తిందా బాబాయ్ గారూ?"

"తినేసిందండీ."

మధ్యాహ్నానికి ఇంద్రాణి మెడ చాచి, నోరు తెరిచి ఊపిరి తీయసాగింది. సుధీంద్ర పరుగున వచ్చి సూదులు వేశాడు, దాని డొక్కకు చెవి ఆనించాడు. రామయ్య దాని తల పట్టుకుని నిలబడ్డాడు. గొట్టం దాచిన గడ్డి వైపు చూడలేదు. ఎన్ని సూదులు వేసినా లాభం లేకపోయింది. పొద్దు వాలుతుండగా గేదె ముందుకాళ్ళు మడిచి, పడుకోవడానికన్నట్టే ఒరిగింది. మళ్ళీ లేవలేదు.

సుధీంద్ర దాని పక్కనే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "పొడి నేనే ఎక్కువ పెట్టించానేమో. తప్పు నాదే. పై వాళ్ళకి అదే చెప్తాను," అన్నాడు.

అప్పుడైనా రామయ్య నోరు విప్పలేదు. ఆ మాట విని ఆయనకు ప్రాణం కుదుటపడింది. కుదుటపడినందుకు ఆ మరుక్షణమే తన మీద తనకే రోత పుట్టింది.

సుధీంద్ర జేబురుమాలు తీసి గేదె ముక్కు దగ్గర కారిన నురగ తుడిచాడు. తుడుస్తూ ఆగాడు. రుమాలు వాసన చూశాడు. పొడిలో ఆవనూనె లేదని అతనికి తెలుసు. మెల్లగా తలెత్తి చూశాడు.

"నేనే పోశానండీ. పొద్దున్నే. గొట్టంతో," అన్నాడు రామయ్య. పట్టుబడ్డాక చెప్పిన నిజానికి విలువేముంటుంది? చెప్పుల వైపు చూస్తూ చెప్పాడు. "అది ఒక్కనాడూ తిన్లేదండీ."

"తినట్లేదని ఒక్క మాట చెప్పుంటే దీన్ని ట్రయల్‌లోంచి తీసేసేవాణ్ణి కదా. అంతే కదా బాబాయ్ గారూ."

తిట్టినా బాగుండేది. ఆ 'గారూ' తగిలినంతగా ఏ తిట్టూ తగిలేది కాదు. అంత సుళువా? నోరు తెరిచి చెబితే సరిపోయేదా? రామయ్య కమ్మీ పట్టుకున్నాడు.

సుధీంద్ర లేచి, ప్యాంటుకంటిన గడ్డి దులుపుకుని, మసకచీకట్లో ఆఫీసు వైపు నడిచాడు. అతను వెళ్ళాక తొట్టె అంచున, నురగ తుడిచి అతను వదిలేసిన నీలి గళ్ళ రుమాలు మిగిలింది, మధ్యలో పచ్చటి నూనె మరక ఇంకా పాకుతూ.