ఒలకని పాలు

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. పిచ్చుక తల్లి కీడెంచడం దగ్గరే ఆగిపోయేది. మేలెంచే తీరిక ఆమెకు ఎన్నడూ దొరకలేదు. హోటళ్ల దుప్పట్లు ఉతికే షెడ్డులో పని చేస్తున్నంతసేపూ, పిల్ల బలపం మింగిందేమో, ఎవరైనా తోసేశారేమో అని ఆమె మనసు కాలుగాలిన పిల్లిలా తిరిగేది.

పిచ్చుక అని పేటంతా పిలిచే ఆ పిల్లకు పుట్టుకతోనే ఎడమ కాలు సన్నం. కూలివాళ్ల పిల్లల కోసం మఠం సిస్టర్లు నడిపే బడి దగ్గర్లోనే ఉంది. చదువు, మధ్యాహ్నం భోజనం, జబ్బు చేస్తే మందు అన్నీ అక్కడే. కాలికి ఇనుప పట్టీల బూటు చేయించి, గోడ పట్టించి నడక నేర్పింది కూడా వాళ్లే.

"చూస్తూ ఉండు, నీ పిల్లని కూడా సిస్టర్ని చేసేస్తారు" అని పక్కింటి వదిన అంటే, తల్లి ఆగలేక పోయి పెద్ద సిస్టరునే అడిగేసింది.

"ముందు ప్రార్థనలో కాసేపు నోరు మూసుకుని కూర్చోమను. తర్వాత ఆలోచిద్దాం" అంది పెద్ద సిస్టరు.

ఇప్పుడు చిక్కు మెట్లతో వచ్చింది. ఒకటో తరగతి మేడ మీద. పిల్ల ఎక్కగలదని డాక్టరు చెప్పాడు. కానీ తల్లి ఇంతవరకూ పిల్లను ఇంటి గడప కూడా ఎత్తుకునే దాటించేది.

"కిందే ఉండనివ్వండి సిస్టరమ్మా. అక్షరాలు ఎక్కడైనా అక్షరాలే కదా."

"అవన్నీ దానికి వచ్చేశాయి తల్లీ. ఇంక తోచక పక్కవాళ్ల జడలు విప్పుతోంది."

ఆ పొద్దున తల్లి పిల్లను చంకనెత్తుకుని మెట్ల దాకా వచ్చింది. పెద్ద సిస్టరు పిల్లను దింపించి, నిండు పాల గ్లాసులున్న పళ్లెం తల్లి చేతుల్లో పెట్టింది.

"పైవాళ్లకి. కాస్త పట్టుకుని ఇక్కడే ఉండు, ఒలకనివ్వకు." తర్వాత పిల్ల వైపు తిరిగి, "పదవే" అంది.

పిచ్చుక కమ్మీ పట్టుకుంది. సిస్టరు ఒక మెట్టు వెనక నిలబడింది. తల్లి పళ్లెం ఎక్కడ దింపుదామా అని చుట్టూ చూసింది.

బడి వంటామె వంటగది గుమ్మంలోంచి నవ్వింది. "దింపకు వదినా. మా పెద్దాడు మొదటిసారి ఈ మెట్లెక్కిన రోజు సిస్టరమ్మ నన్ను పిండి కలపమంది. మోచేతుల దాకా పిండే."

"పడ్డాడా?"

"పడ్డాడు, లేచాడు. ఇప్పుడు బస్సు తోలుతున్నాడు."

"బస్సా? బ్రేకులు చూసుకుంటాడా మరి?"

ఆ మాట నోట్లో ఉండగానే పిచ్చుక బూటు జారింది. పిల్ల మోకాలి మీద కూలబడింది. తల్లి ఒక్క అడుగు వేసింది; పాలు తొణికి మణికట్టు తడిసింది. అవి ఏ తల్లి కన్న పిల్లలకో. ఆమె అక్కడే ఆగి పళ్లెం సరిగ్గా పట్టుకుంది.

"ఏం కాలేదు" అంది పిచ్చుక, ఎవరూ అడక్కుండానే. "బూటుదే తప్పు."

కమ్మీని రెండు చేతులా లాగి లేచింది. మళ్లీ ఎక్కింది. చివరి మెట్టు మీద ఆగి, కిందికి చూడకుండానే గదిలోకి పోయింది.

సిస్టరు సైగ చేశాక తల్లి పాలు తీసుకుని ఒక్కో మెట్టే ఎక్కింది. పిచ్చుక అప్పటికే ముందు బెంచీ మీద చోటు పట్టేసింది.

"నువ్వెందుకొచ్చావే అమ్మా? ఇది పెద్దపిల్లల గది."

"పాలు ఇవ్వడానికి వచ్చానులేవే."

అందరికీ గ్లాసులిచ్చి, కిటికీ ఊచలు లాగి చూసుకుని, తృప్తిగా గుమ్మం దాటిన తల్లికి అప్పుడు తట్టింది: సాయంత్రం ఇదే పిల్ల ఇవే మెట్లు దిగాలి.

"సిస్టరమ్మా, అది దిగేవేళకి నేను వస్తాను. నాకేదైనా పని చెప్పండి. ఖాళీగా ఉంటే ఈ చేతులు ఊరుకోవు."

"ఉల్లిపాయలున్నాయి" అంది పెద్ద సిస్టరు. "ఏడ్చినా ఎందుకని ఎవరూ అడగరు."

పిచ్చుక తల్లి తడి మణికట్టు కొంగుకు తుడుచుకుని, నవ్వుకుంటూ పనికి పోయింది.